వేలెడు తోలు

ముప్పై ఒక్క ఏళ్ళు మా ఊరి హైస్కూల్లో చెక్కపని నేర్పాను. బంతిని కర్రతో పట్టి విసిరే లాక్రాస్ ఆటలో స్కూలు జట్టుకు సహాయ కోచ్‌ని అన్నది పేరుకే. పథకాలు, పరుగులు, అరుపులు అన్నీ ప్రధాన కోచ్ రస్ హావెర్లీ చూసుకునేవాడు. ఆటలో ఎవడు ఎప్పుడు ఎటు పరిగెత్తాలో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. కానీ కర్ర చివరి చట్రానికి తోలు తాళ్ళతో సంచి అల్లి, బంతి అందులో కుదురుగా కూర్చునేట్టు, విసిరితే అనుకున్న చోటికే పోయేట్టు చేయడంలో మా జిల్లాలో నన్ను మించినవాడు లేడు. ఇది జనం అనే మాట. నేను కాదనేవాణ్ణి కాదు. అక్కడే వచ్చింది చిక్కంతా.

అప్పటికే చాలా స్కూళ్ళలో పిల్లలు నైలాన్ వల కట్టిన కర్రలు వాడుతున్నారు. దుకాణంలో కొనుక్కోవడం, బిగించుకోవడం, ఆడుకోవడం. వానకి సాగదు, ఎండకి బిగుసుకోదు, బుర్ర లేకపోయినా పనిచేస్తుంది. నాకు దాన్ని చూస్తే ఒళ్ళుమంట. మా జట్టులో తోలు కట్టిన కర్రలతో ఆడేవాళ్ళు ముగ్గురే మిగిలారు. వాళ్ళలో టోబీ క్విన్‌లన్ ఒకడు. పదకొండో తరగతి. సన్నగా, కాళ్ళు పొడుగ్గా, మాట తక్కువగా ఉండేవాడు. స్కూలు అయ్యాక జిమ్ వెనక గోడకి బంతి కొట్టి పట్టుకుంటూ ఉండేవాడు, కుడిచేత్తో వంద, ఎడమచేత్తో వంద. నా గదిలో రంపాల చప్పుడు ఆగితే ఆ బంతి చప్పుడు వినిపించేది.

ఆ ఏడు మార్చిలో కూడా మైదానం మీద మోకాలెత్తు మంచు ఉంది. మా సరస్సు పక్క ఊళ్ళలో అది మామూలే. పిల్లలే పారలు తెచ్చుకుని తవ్విపోశారు. మొదటి రెండు మ్యాచ్‌లు బురదలో ఓడిపోయాం. తర్వాత ఏం పట్టిందో, వరసగా పదకొండు గెలిచాం. సగం గోల్స్ టోబీవే. పన్నెండో తరగతి వాళ్ళు అసూయపడాల్సింది, పడలేదు. కెప్టెన్ ఎవాన్ ట్రస్కాట్ వాడికి పక్కింటివాడు, వాడిని చిన్నప్పటినుంచీ సైకిల్ వెనక ఎక్కించుకు తిరిగినవాడు. మ్యాచ్ అయ్యాక టోబీ హెల్మెట్ మీద చరిచి, 'వచ్చే ఏడు నా పట్టీ నీదేరా పొడుగోడా' అనేవాడు. కెప్టెన్ పట్టీ గురించి. సీజన్ చివర విందులో పిల్లలు వోట్లు వేసి కొత్త కెప్టెన్‌ని ఎన్నుకోవడం మా దగ్గర ఆచారం. ఆ ఏడు వోట్లు వేయడం దండగ, వేరే పేరే లేదు అనుకునేవాళ్ళం. టోబీ పైకి ఏమీ అనేవాడు కాదు గానీ, వాడికి కావలసింది అదొక్కటేనని నాకు తెలుసు. ఎవాన్ ఆ మాట అన్నప్పుడల్లా చెవుల దాకా ఎర్రబడేవాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. సంచి లోతుగా ఉంటే బంతి అందులో మునిగి కూర్చుంటుంది. ఎదుటివాడు కర్రతో ఎంత బాదినా రాలదు. అందుకని లోతుకి హద్దు పెట్టారు. సంచిలో బంతి వేసి, కర్రను కంటి ఎత్తున అడ్డంగా పట్టుకుని చూస్తారు. చట్రం కింది అంచుకీ బంతి నెత్తికీ మధ్య వెలుతురు కనిపిస్తే ఆ కర్ర చెల్లదు. ఎదుటి కోచ్‌కి అనుమానం వస్తే రెఫరీని చూడమని అడగవచ్చు. ప్రతి మ్యాచ్‌కి ముందు ప్రధాన కోచ్, మావాళ్ళ కర్రలన్నీ సరిగా ఉన్నాయని రెఫరీకి మాట ఇవ్వాలి. రస్ ఆ మాట ఇచ్చే ముందు నావైపు చూసేవాడు. నేను తల ఊపేవాణ్ణి. అన్నేళ్ళలో నేను కట్టిన కర్ర ఒక్కటీ తప్పలేదు.

పిల్లలు మాత్రం ఊరుకోరు. మ్యాచ్ మధ్యలో కింది తాడు కాస్త వదులు చేసుకుంటారు. ఏప్రిల్లో ఒకసారి టోబీ కూడా ఆ పని చేశాడు. సాధన మధ్యలో రస్‌కి వాడి సంచి చూసి అనుమానం వచ్చింది. ఎవరు వదులు చేశారని అడిగాడు. అడగ్గానే, 'నేనే కోచ్' అన్నాడు టోబీ. రస్ వాడి చేత మైదానం చుట్టూ పన్నెండు చుట్లు పరిగెత్తించి, ఇంకోసారి తాడు మీద నీ చెయ్యి చూశానంటే జట్టులో ఉండవు అని అందరి ముందూ చెప్పాడు. ఆ పరుగు అందరికీ గుర్తుండిపోయింది. అడగ్గానే ఒప్పుకున్నాడన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తులేదు. నాకు ఉండాల్సింది.

మే నెలాఖరున సెమీఫైనల్. బెల్ఫోర్డ్ వాళ్ళతో, వాళ్ళ మైదానంలో. ముందురోజు సాయంత్రం టోబీ కర్ర పట్టుకుని నా గదికి వచ్చాడు. ఎండలకి తోలు బిగుసుకుపోయిందని, బంతి అందుకుంటే ఎగిరి బయట పడుతోందని చెప్పాడు. తాను ముట్టుకోనని కోచ్‌కి మాట ఇచ్చానని, కాస్త నన్నే చూడమని అడిగాడు. అక్కడ వదిలిపెట్టి పొమ్మన్నాను.

మర్నాడు ఉదయం కూర్చున్నాను. రెండు తాళ్ళు సడలించి చూశాను, చాలలేదు. వేలెడు తోలు వదిలాను. బంతి పడితే చిన్నపిల్ల ఒళ్ళో కూర్చున్నట్టు కూర్చుంది. కంటి ఎత్తున పెట్టి చూశాను. వెలుతురు లేదు. లేదంటే, వెంట్రుకవాసి తేడాతో లేదు. నాకు తోలు కట్టడం నేర్పిన, ఇక్కడి ఒనొండాగా ఆదివాసీ తెగ పెద్దాయన ఒకరుండేవారు. ఆట వాళ్ళది, తోలు విద్యా వాళ్ళదే. తడిస్తే తోలు సాగి సంచి ఇంకా దిగుతుంది, ఆకాశం చూడకుండా తాడు వదలకు అని ఆయన నాకు మొదటి రోజే చెప్పారు. ఆ ఉదయం కిటికీలోంచి సరస్సు మీద మబ్బు కనిపిస్తూనే ఉంది. చూశాను. మధ్యాహ్నానికి తేలిపోతుందిలే అనుకున్నాను. అసలు నిజం చెప్పాలంటే అది కూడా అనుకోలేదు. నా చేతిపని చూసుకుని మురిసిపోయాను, అంతే. ఆ జూన్‌తో నా ఉద్యోగం అయిపోతుంది. చివరి సీజన్లో నా తోలుతో కొట్టిన గోలు నైలాన్ వాళ్ళందరికీ చూపించాలని ఉంది.

కర్ర ఇస్తూ వాడికి ఏమీ చెప్పలేదు. ఇంత వదిలాను, వాన వస్తే చూసుకో, నా దగ్గరికి తీసుకురా అని ఒక్క మాట చాలు. చెప్పలేదు. రస్ నావైపు చూసినప్పుడు తల ఊపాను.

మ్యాచ్ మూడో భాగంలో వాన మొదలైంది. పెద్ద వానేం కాదు, సన్నగా, ఆగకుండా. నేను గట్టు మీద టోపీ లాక్కుని నిలబడ్డాను. తోలు గుర్తొచ్చింది. మధ్యలో వాడిని పిలిచి చూడాలనిపించింది కూడా. కానీ వాడు అప్పుడే వరసగా రెండు గోల్స్ కొట్టాడు, బంతి వాడి సంచిలోంచి రాలడమే లేదు, మా బెంచీ అంతా ఊగిపోతోంది. ఇప్పుడు పిలిచి చెడగొట్టడం ఎందుకనుకున్నాను. ఎనిమిది ఎనిమిది. ఇంకా నలభై సెకన్లు ఉందనగా టోబీ ఇద్దరిని దాటుకుని ఎడమచేత్తో కొట్టాడు. గోలు వల వెనక నుంచి నీళ్ళు చిమ్మాయి. తొమ్మిది ఎనిమిది. మావాళ్ళందరూ వాడి మీద పడ్డారు.

బెల్ఫోర్డ్ కోచ్ నిదానంగా రెఫరీ దగ్గరికి నడిచాడు. స్టాన్‌విక్ అని, పెద్దమనిషే, తెలివైనవాడు. కర్ర చూడమన్నాడు. సరిగా ఉందని తేలితే వాళ్ళు ఆట ఆపుకునే టైమవుట్ ఒకటి పోతుంది. ఊరికే అడగడు.

గోలు కొట్టాక ఆరితేరిన పిల్లలు కింది తాడు గుట్టుగా లాగి బిగించేసుకుంటారు. టోబీ లాగలేదు. నవ్వుతూ కర్ర రెఫరీ చేతికి ఇచ్చాడు. రెఫరీ బంతి వేసి, కంటి ఎత్తున పట్టుకుని, వాన తుడుచుకుని మళ్ళీ చూశాడు. నాకు అంత దూరం నుంచి ఏమీ కనిపించదు. అయినా కనిపించింది. ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు. గోలు చెల్లదు. టోబీ ఒక నిమిషం బయట. మావాళ్ళు ఒకడు తక్కువగా ఆడారు. పన్నెండు సెకన్లు ఉందనగా బెల్ఫోర్డ్ వాళ్ళు కొట్టేశారు. మా సీజన్ అక్కడితో అయిపోయింది.

బస్సులో ఎవరూ హెల్మెట్లు తీయలేదు. నీళ్ళు కారుతున్న బట్టలతో కూర్చున్నారు. రస్ డ్రైవర్‌ని ఆగమని చెప్పి, వరసల మధ్య నిలబడ్డాడు. వాడు అరిచే మనిషి. అరిస్తే బాగుండేది, అరవలేదు.

"టోబీ, తాడు ముట్టుకున్నావా?" అన్నాడు.

"లేదు కోచ్."

"ఏప్రిల్లో ఏం చెప్పాను నీకు?"

"గుర్తుంది. నేను ముట్టుకోలేదు."

వెనక సీట్లోంచి ఎవాన్ మాట్లాడాడు. వాడికి అదే ఆఖరి మ్యాచ్.

"నాలుగేళ్ళు దీనికోసం చచ్చానురా. నీ వేళ్ళు గంటసేపు ఊరుకోలేకపోయాయా?"

టోబీ తల తిప్పి నావైపు చూశాడు. అడిగినట్టు కాదు, బతిమాలినట్టూ కాదు. ఎవరైనా మాట్లాడే వంతు వస్తే మనం ఆ మనిషి వైపు చూస్తామే, అలా చూశాడు. రస్ కూడా నావైపు తిరిగాడు.

"వాల్ట్, పొద్దున నువ్వు చూశావుగా. ఎలా ఉంది వాడి కర్ర?"

ఆ క్షణంలో నా బుర్రలో ఎన్ని తిరిగాయో చెబితే సిగ్గుచేటు. జూన్ విందులో నాకోసం ఏదో చేస్తున్నారని తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క కర్రా తప్పలేదన్న మాట తెలుసు. రస్ నా తల ఊపు చూసి రెఫరీకి మాట ఇచ్చాడన్నదీ తెలుసు. ఇరవై ఇద్దరు పిల్లలు నా నోటివైపే చూస్తున్నారు.

"పొద్దున నేను చూసినప్పుడు బాగానే ఉంది," అన్నాను.

అబద్ధం కాదు. అదే దాని దరిద్రం. అక్షరం పొల్లుపోని నిజం చెప్పి, పదిహేడేళ్ళ పిల్లాడి మీద దొంగ ముద్ర వేశాను. రస్ తల ఆడించి ముందుకెళ్ళి కూర్చున్నాడు. టోబీ ఇంకొంచెంసేపు నన్నే చూసి, కిటికీ వైపు తిరిగాడు. గంటన్నర ప్రయాణం. వాడి పక్క సీటు ఖాళీగానే ఉంది. నేను లేచి అక్కడ కూర్చోవచ్చు. నోరు తెరవవచ్చు. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా ఇప్పుడు చెబుదాం అనుకున్నాను. స్కూలు దీపాలు కనిపించాక, అందరూ దిగే హడావిడిలో ఎందుకు, రేపు రస్‌కి విడిగా చెబుదాం అనుకున్నాను.

మర్నాడు రస్ సెలవు పెట్టాడు. ఆ తర్వాత రోజు వాడి మనసు బాగాలేదు. వారం గడిచాక, ఇప్పుడు చెబితే అప్పుడెందుకు చెప్పలేదంటాడు కదా అనిపించింది. రోజుకో సాకు, ఏ సాకుకీ లోటు లేదు. ఈలోగా జిమ్ వెనక గోడ దగ్గర బంతి చప్పుడు ఆగిపోయింది. భోజనాల గదిలో టోబీ ఒంటరిగా తింటున్నాడని విన్నాను. కారిడార్లో వాడు ఎదురైతే పిల్లలు కర్ర కంటి ఎత్తున పట్టుకున్నట్టు చేతులు పెట్టి, ఒక కన్ను మూసి చూస్తున్నారట. అది వాళ్ళకి నవ్వులాట. నేను విని, నా గదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుని, చేతికందిన చెక్కని ఊరికే చిత్రిక పట్టాను.

జూన్లో అగ్నిమాపక కేంద్రం హాల్లో విందు. బొగ్గుల మీద కాల్చిన కోడి, ఉప్పునీళ్ళలో ఉడికించిన చిట్టి బంగాళాదుంపలు, వెన్న. ఈ రోజు అందరి ముందూ చెప్పేద్దామని నిజంగానే అనుకుని వెళ్ళాను. మాటలు కూడా కాగితం మీద రాసుకున్నాను. టోబీ రాలేదు. ఉతికి మడతపెట్టిన జెర్సీని వాళ్ళమ్మ పొద్దున స్కూలు ఆఫీసులో ఇచ్చి వెళ్ళిందని రస్ నా చెవిలో వేశాడు. కొత్త కెప్టెన్ కోసం వేసిన వోట్లు లెక్కపెట్టారు. టోబీ పేరు మీద ఒక్క కాగితం లేదు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని రక్షణ ఆటగాడు ఒకడు కెప్టెన్ అయ్యాడు, వాడే బిత్తరపోయాడు. తర్వాత నన్ను పిలిచారు. నా చేతికి ఒక ఫలకం ఇచ్చి, ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క కర్రా తప్పని మనిషి అని రస్ మెచ్చుకున్నాడు. పిల్లలందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. జేబులో కాగితం మీద చెయ్యి పెట్టుకుని, అందరికీ థ్యాంక్స్ చెప్పి, వచ్చి కూర్చుని బంగాళాదుంపలు తిన్నాను. ఎలా తిన్నానో నాకే తెలియదు. తిన్నాను మాత్రం.

ఆగస్టులో వెళ్ళాను టోబీ దగ్గరికి. ధైర్యం వచ్చి కాదు. నిద్ర పట్టక. వాళ్ళ మామయ్య పడవల షెడ్డులో, బోర్లించిన పడవకి పాత రంగు గీకుతున్నాడు. ఒళ్ళంతా తెల్లటి పొడి. నన్ను చూసి గీకడం ఆపి, చేతులు తుడుచుకుని, మర్యాదగా నిలబడ్డాడు. ఆ మర్యాద చూస్తే నాకు మరీ కష్టమనిపించింది. నేను చుట్టూ తిప్పకుండా చెప్పేశాను. వేలెడు తోలు వదిలింది నేనేనని, వాన సంగతి చెప్పనిదీ నేనేనని, బస్సులో నోరు మూసుకున్నదీ నేనేనని.

"నాకు తెలుసు మిస్టర్ డెంబ్‌స్కీ," అన్నాడు వాడు.

ఎప్పుడు తెలిసిందని అడిగాను. రెఫరీ కర్ర తిరిగి ఇచ్చినప్పుడే చూసుకున్నాడట. కింద ముడి రెండు చుట్ల ముడి. అలా వేసేది నేనొక్కణ్ణే, అది కదలనేలేదు.

"మరి బస్సులో చెప్పలేదేం నాన్నా? నామీద చెప్పి ఉండొచ్చు కదా."

వాడు కోపంగా లేడు. ఆ ప్రశ్నకి సరైన జవాబు వెతుక్కుంటున్నాడు.

"మీరే చెప్తారనుకున్నానండి," అన్నాడు. "బస్సు దిగేదాకా అనుకుంటూనే ఉన్నాను. విందు రోజు కూడా ఇంట్లో కూర్చుని, ఈపాటికి చెప్పి ఉంటారు, ఎవాన్ వస్తాడు అనుకున్నాను."

ఆ రోజే రస్ దగ్గరికి వెళ్తానని, అందరినీ పిలిచి చెబుతానని, వచ్చే ఏడు వాడి జెర్సీ వాడికి ఇప్పిస్తానని ఏదేదో అన్నాను. వాడు తల ఊపాడు.

"చెప్పండి. చెప్తే మంచిదే, మా అమ్మ కూడా వింటుంది. నన్ను మాత్రం ఆడమనకండి." రంగు గీకే రేకు చేతిలోకి తీసుకున్నాడు. "మూడో తరగతి నుంచి వాళ్ళతోనే ఆడాను. టోబీ అలా చేయడని ఒక్కడు అనలేదు. నేను మళ్ళీ ఆ బస్సు ఎక్కలేనండి."

రస్‌కి అదే రోజు చెప్పాను. వాడు చాలాసేపు నా మొహం చూసి, లోపలికి వెళ్ళిపోయాడు. తిట్టలేదు. ఇరవై ఏళ్ళ స్నేహంలో వాడు నన్ను తిట్టకుండా వదిలింది ఆ ఒక్కసారే. పిల్లలందరినీ పిలిచి చెప్పాడు. ఎవాన్ కాలేజీకి వెళ్ళే ముందు టోబీ ఇంటికి వెళ్ళి, గుమ్మం దగ్గర గంట నిలబడి, క్షమించమని అడిగాడట. టోబీ ఫరవాలేదు అన్నాడట. ఇద్దరూ చేతులు కలిపారట. అంతే. ఇంట్లోకి రమ్మనలేదట.

మరుసటి వసంతంలో, నేను రిటైరైపోయినా, కర్రలు కట్టడానికి మాత్రం రమ్మని రస్ కబురు చేశాడు. జాలితోనో, నాకంటే బాగా కట్టేవాడు దొరక్కనో నాకు తెలియదు. వెళ్ళాను. అదే గది, అదే బల్ల. కొత్త కెప్టెన్ తన కర్ర ఇచ్చాడు, బిగించి తిరిగి ఇచ్చాను. వాడు థ్యాంక్స్ చెప్పి, అక్కడే, నా ఎదురుగానే, సంచిలో బంతి వేసి, కంటి ఎత్తున పట్టుకుని, ఒక కన్ను మూసి చూసుకున్నాడు. తర్వాతివాడూ అంతే. ఆ తర్వాతివాడూ అంతే. ఎవరూ దురుసుగా ఏమీ అనలేదు. చూసుకుని, సరిగా ఉందని తల ఊపి, వెళ్ళిపోయారు. మూడేళ్ళు టోబీ కర్ర నేనే కట్టాను. ఒక్కసారి కూడా వాడు కొలిచి చూసుకోలేదు.